ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్‌లు

ఫుల్‌బ్రైట్ కార్యక్రమం అమెరికా ప్రభుత్వం ఇతర దేశాలతో కలిసి నడిపే విద్యా వినిమయ పథకం. అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన అమెరికన్ పట్టభద్రులు దీని కింద ఒక విద్యా సంవత్సరం పాటు పరాయి దేశంలో ఉండి, అక్కడి బడిలో ఇంగ్లీషు చెబుతారు, లేదా తామే ఎంచుకున్న అంశం మీద పరిశోధన చేస్తారు. ఇతర దేశాల విద్యార్థులు, పరిశోధకులు, అధ్యాపకులు ఇదే పథకం కింద అమెరికా యూనివర్సిటీలకు వెళ్తారు. 1946లో చట్టమైంది. నేడు 160కి పైగా దేశాల్లో నడుస్తోంది. ఏటా సుమారు 8,000 గ్రాంట్లు ఇస్తారు. ఇప్పటికి నాలుగు లక్షల మందికి పైగా దీని ద్వారా వెళ్లొచ్చారు. పేరు సెనేటర్ జె. విలియం ఫుల్‌బ్రైట్‌ది.

స్కాలర్‌షిప్పులకు లోకంలో కొదవ లేదు. 1902లో సెసిల్ రోడ్స్ వీలునామాతో మొదలైన రోడ్స్ స్కాలర్‌షిప్, 1983 నాటి బ్రిటన్ చీవ్‌నింగ్ వంటివి ప్రతిభ ఉన్నవాళ్లను తమ దేశానికి రప్పించుకునేవి. ఫుల్‌బ్రైట్ రాకపోకలు రెండూ చూసుకుంటుంది. పైగా వెళ్లినవాళ్లు తిరిగి రావాలని గట్టిగా పట్టుబడుతుంది. ఈ పథకానికి మూలం ఎక్కడుందో తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చిన పాత సామాను దగ్గరికి వెళ్లాలి.

పాత సామాను, తరలిరాని డబ్బు

1945లో యుద్ధం ఆగేసరికి అమెరికా సైన్యపు సామాను ప్రపంచమంతా చెల్లాచెదురుగా పడి ఉంది. లారీలు, జీపులు, రైలింజన్లు, ఆసుపత్రి పరికరాలు, తిండి సరుకులు, ఇంకా ఎన్నో. వెనక్కి తరలించే ఖర్చు వాటి విలువను మించిపోతుంది. ఉన్నచోటే అమ్ముదామంటే కొనే దేశాల దగ్గర డాలర్లు లేవు. వాళ్లివ్వగలిగింది సొంత కరెన్సీ. ఆ సొమ్మును డాలర్లుగా మార్చి ఇంటికి తెచ్చుకునే వీలూ లేదు. వసూలయ్యే అవకాశం లేని బాకీ అన్నమాట.

అప్పటికి సెనేట్‌లో అడుగుపెట్టి ఏడాది కూడా తిరగని ఫుల్‌బ్రైట్ ఇక్కడే ఒక దారి కనిపెట్టాడు. 1944 నాటి మిగులు ఆస్తుల చట్టానికి చిన్న సవరణ చేసి, ఆ విదేశీ కరెన్సీని ఆయా దేశాల్లోనే విద్యార్థుల రాకపోకలకు ఖర్చు చేద్దామని 1945 సెప్టెంబరులో ప్రతిపాదించాడు. పూర్వం ఇలాంటివి లేకపోలేదు. చైనా నుంచి బాక్సర్ తిరుగుబాటు పరిహారంగా అమెరికా పిండుకున్న సొమ్ములో అదనంగా తేలిన భాగాన్ని 1909 నుంచి చైనా విద్యార్థుల చదువులకు మళ్లించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం సహాయ నిధిలో మిగిలిన డబ్బుతోనూ స్కాలర్‌షిప్పులు నడిచాయి. కాకపోతే ఫుల్‌బ్రైట్ ఆ లెక్కను ప్రపంచం మొత్తానికి వర్తింపజేశాడు.

బిల్లు నెగ్గిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. ఆయన దాని మీద ఉపన్యాసాలు దంచలేదు. ఖజానా నుంచి డాలర్ కూడా అడగని, చూడ్డానికి గుమాస్తా పనిలా కనిపించే సవరణ అది. చర్చ లేకుండానే సెనేట్ దాటింది. అమెరికా పిల్లలను బయటికి పంపి పరాయి సిద్ధాంతాలు అంటించే ప్రమాదకరమైన చట్టం ఇదని, ముందే అర్థమై ఉంటే అక్కడికక్కడే తొక్కేసేవాణ్నని టెనెసీ సెనేటర్ కెనెత్ మెకెల్లర్ తర్వాత తనతో అన్నట్టు ఫుల్‌బ్రైటే చెప్పుకున్నాడు. అధ్యక్షుడు ట్రూమన్ 1946 ఆగస్టు 1న సంతకం చేశాడు.

చట్టం ఒక్కో దేశానికి మొత్తం రెండు కోట్ల డాలర్ల విలువ వరకు, ఏడాదికి పది లక్షలకు మించకుండా పరిమితి పెట్టింది. అంతకన్నా పెద్ద పరిమితి కరెన్సీ రూపంలో ఉంది. రూపాయల నిధి రూపాయల్లోనే ఖర్చవ్వాలి. అమెరికన్ పరిశోధకుడు భారత్‌కు వస్తే అతని ఇంటి అద్దె, భోజనం, ప్రయాణాలు ఆ నిధిలోంచి ఇవ్వచ్చు. భారతీయుడు అమెరికా వెళ్తే ఓడ టికెట్టు వరకు ఇవ్వగలరు, న్యూయార్క్‌లో దిగాక కాఫీ కూడా కొనిపెట్టలేరు. అందుకే తొలి దశాబ్దాల్లో ఎందరో భారతీయులకు దక్కింది ట్రావెల్ గ్రాంటు మాత్రమే. అక్కడి ఫీజులు, బస యూనివర్సిటీలో దొరికే అసిస్టెంట్‌షిప్‌తోనో, ఏదైనా ప్రైవేటు ఫౌండేషన్ సాయంతోనో గడవాలి. 1948 నాటి స్మిత్-మంట్ చట్టం డాలర్ల కేటాయింపునకు దారి తెరిచాకే ఈ ఒంటికాలి నడక సరైంది. 1961లో కెనెడీ సంతకం చేసిన ఫుల్‌బ్రైట్-హేస్ చట్టం పాత చట్టాలన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చింది. నేటికీ పథకం నడిచేది దాని ప్రకారమే.

పెకింగ్‌లో మొదటి ఏడాది

తొలి ఒప్పందం 1947 నవంబరులో చైనాతో కుదిరింది, రెండోది బర్మాతో. పథకం కింద వెళ్లిన మొదటి అమెరికన్లలో ముఖ్యుడు పెన్సిల్వేనియా యూనివర్సిటీ పండితుడు డెర్క్ బాడీ. చైనా తత్వశాస్త్ర చరిత్రను అనువదించే పని పెట్టుకుని 1948 ఆగస్టులో భార్యాబిడ్డలతో పెకింగ్ చేరాడు. కొన్ని నెలల్లోనే నగరం ముట్టడిలో పడింది. 1949 జనవరి చివర్లో కమ్యూనిస్టు సేన లోపలికి ప్రవేశించింది. తత్వశాస్త్రం పని నడుస్తూనే ఉంది గానీ, ఆయన రాసుకున్న దినచర్యే 1950లో 'పెకింగ్ డైరీ'గా అచ్చయి ఎక్కువమందికి చేరింది. ధరలు గంటగంటకూ పెరగడం, ఒక పాలన పోయి ఇంకొకటి రావడం వీధిలో నిలబడి చూసినవాడి పుస్తకమది. పరిశోధన కోసం వెళ్లినవాడికి ప్రాజెక్టులో లేనిదే పెద్ద పాఠం కావడం ఈ పథకంలో తర్వాత కూడా తరచూ జరిగింది.

చైనాలో కార్యక్రమం 1949లోనే ఆగిపోయింది. మళ్లీ మొదలవడానికి 1979 దాకా పట్టింది. 2020 జూలైలో ట్రంప్ ఉత్తర్వుతో చైనా, హాంకాంగ్‌లకు మరోసారి తెగిపోయింది.

ఎంపిక ఎలా జరుగుతుంది

అమెరికన్ పట్టభద్రుల విభాగంలో ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి చదువు లేదా పరిశోధన, రెండోది ఇంగ్లీష్ టీచింగ్ అసిస్టెంట్. దరఖాస్తు గడువు అక్టోబరులో ముగుస్తుంది, వెళ్లేది మరుసటి ఏడాది. ప్రాజెక్టు ఏమిటో, ఆ దేశంలోనే ఎందుకు చేయాలో చెప్పే వ్యాసం ఒకటి, తన గురించి ఇంకొకటి, సిఫారసు లేఖలు, భాషా పరిజ్ఞానంపై మదింపు జతచేయాలి. పరిశోధకులైతే ఆ దేశపు సంస్థ ఏదో ఒకటి తమను చేర్చుకుంటామని ఇచ్చే అఫిలియేషన్ లేఖ కూడా తెచ్చుకోవాలి. అసలు పరీక్ష ఈ లేఖే. ముక్కూ మొహం తెలియని ప్రొఫెసర్‌కు ఇరవై రెండేళ్ల కుర్రాడు మెయిల్ రాసి, ఒప్పించి, లెటర్‌హెడ్ మీద సంతకం తెప్పించుకోవాలి. ఆ పని చేయగలిగినవాడు ఆ దేశంలో నెట్టుకురాగలడని కమిటీల నమ్మకం. అందులో అబద్ధం లేదు.

విద్యార్థి చదివిన క్యాంపస్‌లో ముందు ఒక కమిటీ ఇంటర్వ్యూ చేస్తుంది. ఆ తర్వాత న్యూయార్క్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ ఏర్పాటు చేసే నిపుణుల కమిటీలు వడపోస్తాయి. 1919లో పుట్టిన ఆ సంస్థే మొదట్నుంచీ ఈ పథకం పనులు చూస్తోంది. వడపోతలో నిలిచినవాళ్ల జాబితా ఆతిథ్య దేశానికి వెళ్తుంది. సుమారు యాభై దేశాల్లో రెండు ప్రభుత్వాల ప్రతినిధులతో కూడిన ఉమ్మడి కమిషన్లు ఉన్నాయి. తమ దేశానికి ఎవరు రావాలో చెప్పే హక్కు వాటిది. కమిషన్ లేని చోట అమెరికా రాయబార కార్యాలయం ఆ పని చేస్తుంది. చిట్టచివరి ఆమోదం పన్నెండుమంది సభ్యుల ఫుల్‌బ్రైట్ ఫారిన్ స్కాలర్‌షిప్ బోర్డుది. సభ్యులను అధ్యక్షుడే నియమిస్తాడు గానీ, ఎంపికలో విదేశాంగ శాఖ అధికారులు వేలు పెట్టకుండా ఆ బోర్డు అడ్డుగా ఉండాలన్నది చట్టం చేసినవాళ్ల ఉద్దేశం. ఇన్ని మెట్లు చూస్తే విసుగు పుడుతుంది, నిజమే. కానీ పథకానికి వచ్చిన గౌరవంలో సగం ఈ మెట్ల చలవే.

తరగతిలో సహాయకుడు

టీచింగ్ అసిస్టెంట్ పూర్తిస్థాయి టీచరు కాడు. స్థానిక టీచరు పక్కన ఉంటాడు. వారానికి ఇరవై ముప్పై గంటల పని. వ్యాకరణం, పరీక్షలు స్థానిక టీచరు చూసుకుంటే, పిల్లల చేత మాట్లాడించడం ఇతని వంతు. మిగతా సమయంలో ఏదో ఒక చిన్న సామాజిక ప్రాజెక్టు పెట్టుకోవాలి. దేశాన్ని బట్టి ఏర్పాట్లు మారతాయి. దక్షిణ కొరియాలో వెళ్లగానే కొన్ని వారాల శిక్షణ, భాషా తరగతులు ఉంటాయి; ఆ తర్వాత ఒక కొరియన్ కుటుంబంతో కలిసి నివాసం. మలేసియాలో పథకం తెరంగాను రాష్ట్రంలో మొదలై, 2012 నుంచి ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. పెద్ద నగరాలకన్నా పల్లె, చిన్న పట్టణాల బడులకే పంపుతారు.

ఇందులో ఒక మొహమాటమైన ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. టీచరు శిక్షణ లేని కుర్రవాడు, ఇంగ్లీషు మాతృభాష అయినంత మాత్రాన, ఇరవై ఏళ్ల అనుభవమున్న స్థానిక టీచరుకు ఏం సాయం చేస్తాడు? చాలా చోట్ల మొదటి రెండు నెలలు ఆ టీచరే ఇతనికి నేర్పుతుంది: నల్లబల్ల ముందు ఎలా నిలబడాలో, వెనక బెంచీ గోల ఎలా ఆపాలో. పాఠ్యబోధన లెక్కన చూస్తే లాభం ఎక్కువగా వెళ్లినవాడికే. దాన్ని దాచుకోవడం అనవసరం; 1961 చట్టం పేరులోనే పరస్పర వినిమయం ఉంది, ఇంగ్లీషు మార్కులు పెంచుతామన్న హామీ అందులో లేదు.

దీనికి అద్దంలాంటిది ఇతర దేశాలవాళ్లకిచ్చే విదేశీ భాషా టీచింగ్ అసిస్టెంట్ గ్రాంటు, ఎఫ్‌ఎల్‌టీఏ. భారత్ నుంచి హిందీ, ఉర్దూ, బెంగాలీ వంటి భాషలు చెప్పే యువ అధ్యాపకులు తొమ్మిది నెలలు అమెరికా క్యాంపస్‌లో ఉంటారు. తమ భాష నేర్పుతూనే సెమిస్టరుకు కనీసం రెండు కోర్సులు చదవాలి, అందులో ఒకటి అమెరికా సమాజం గురించి. డిగ్రీ రాదు.

భారత్‌లో

నెహ్రూ, అమెరికా రాయబారి లాయ్ హెండర్సన్ 1950 ఫిబ్రవరి 2న ఒప్పందం మీద సంతకాలు చేశారు. దాన్ని నడపడానికి యునైటెడ్ స్టేట్స్ ఎడ్యుకేషనల్ ఫౌండేషన్ ఇన్ ఇండియా ఏర్పడింది. 2008 జూలైలో కొత్త ఒప్పందంతో భారత ప్రభుత్వం ఖర్చులోనూ, నిర్వహణలోనూ సమాన భాగస్వామి అయింది. సంస్థ పేరు యునైటెడ్ స్టేట్స్-ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్‌గా మారింది, ఫెలోషిప్‌లకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ అన్న పేరు వచ్చింది. ప్రధాన కార్యాలయం ఢిల్లీలో. చెన్నై, కోల్‌కతా, ముంబయిలతో పాటు హైదరాబాద్‌లోనూ ప్రాంతీయ కార్యాలయం ఉంది.

భారత్ కథలో తిండిగింజల పాత్ర చాలా పెద్దది. 1951లో కరువు కాలంలో అమెరికా ఇచ్చిన 19 కోట్ల డాలర్ల గోధుమల అప్పు మీద వడ్డీలో మొదటి 50 లక్షల డాలర్లను పుస్తకాలకు, ల్యాబు పరికరాలకు, విద్యావేత్తల రాకపోకలకు కేటాయించారు. 1954లో వచ్చిన పీఎల్-480 చట్టం కింద గోధుమలకు రూపాయల్లో చెల్లించేవాళ్లం. ఆ రూపాయలు అమెరికా ఖాతాలో గుట్టలుగా పేరుకుపోయాయి. ఎంతగా అంటే, 1974లో రాయబారి డేనియల్ మొయినిహాన్ రూ. 1,664 కోట్ల చెక్కు భారత ప్రభుత్వం చేతికిచ్చి లెక్క సరిచేయాల్సి వచ్చింది. మనం రేషన్ షాపు ముందు క్యూ కట్టి తిన్న ఎర్ర గోధుమల డబ్బులో కొంత ఇలా పండితుల ప్రయాణాలకు, పుస్తకాలకు వెళ్లింది. 1962 నుంచి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అదే రూపాయలతో భారతీయ భాషల పుస్తకాలు కొని తమ యూనివర్సిటీలకు పంపింది. ఇక్కడ విడి ప్రతి కూడా దొరకని అరవైల నాటి తెలుగు నవల అమెరికాలో ఏదో యూనివర్సిటీ లైబ్రరీలో భద్రంగా ఉందంటే కారణం అదే.

హైదరాబాద్‌కు దీనితో మరో గట్టి బంధం ఉంది. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలిసింది. అమెరికా సాహిత్యం, చరిత్ర, రాజకీయాల మీద ఆ దేశం బయట ఉన్న పెద్ద లైబ్రరీల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఫాక్‌నర్ మీదనో, విట్మన్ మీదనో పీహెచ్‌డీ చేసే లెక్చరర్లు దేశం నలుమూలల నుంచి కొద్ది వారాల గ్రాంటు మీద వచ్చి, అక్కడే బస చేసి, పగలంతా పుస్తకాల్లో తలదూర్చి నోట్సు రాసుకుని వెళ్లేవారు. అమెరికా వెళ్లకుండానే అమెరికా గురించి థీసిస్ రాసిన ఒక తరం ఇంగ్లీషు ప్రొఫెసర్లకు ఆ సెంటరే అమెరికా. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక సాయం సన్నగిల్లింది; పేర్లు మారుతూ వచ్చి ఇప్పుడది ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్.

అమెరికా నుంచి ఇక్కడికి పరిశోధనకు వచ్చేవాళ్లకు గ్రాంటు దొరకడం సగం పనే. పరిశోధన వీసాకు భారత ప్రభుత్వ అనుమతి నెలల తరబడి సాగుతుంది. వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. తాళపత్రాలో, దస్త్రాలో చూడాలంటే మళ్లీ వేరే లేఖలు. తొమ్మిది నెలల గ్రాంటులో మొదటి రెండు మూడు నెలలు కాగితాలకే కరిగిపోతాయి. తెలుగు నేర్చుకోదలచినవాళ్లకు 1961లో ఏర్పడిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ హైదరాబాద్‌లో తరగతులు నడిపింది.

వెళ్లొచ్చినవాళ్లు

అరవై మందికి పైగా నోబెల్ గ్రహీతలు ఫుల్‌బ్రైట్ పూర్వ విద్యార్థులని నిర్వాహకులు గొప్పగా చెబుతారు. అంతకన్నా కొన్ని విడి కథలు ఆసక్తికరంగా ఉంటాయి. కవయిత్రి సిల్వియా ప్లాత్ 1955లో కేంబ్రిడ్జ్ వెళ్లింది. అక్కడ పరిచయమైన కవి టెడ్ హ్యూస్‌ను పెళ్లాడి, గ్రాంటు పోతుందేమోనన్న భయంతో కొన్నాళ్లు ఆ సంగతి దాచింది. స్వరకర్త ఫిలిప్ గ్లాస్ 1964లో నాదియా బూలాంజే దగ్గర పాశ్చాత్య సంగీతపు మూలసూత్రాలు నేర్చుకుందామని పారిస్ వెళ్లాడు. అక్కడ చేతి ఖర్చులకు ఒప్పుకున్న సినిమా పనిలో రవిశంకర్ స్వరాలను పాశ్చాత్య లిపిలో రాయాల్సి వచ్చింది. తాళం లెక్కలు పట్టుకోలేక తంటాలు పడి, చివరికి ఆ తంటాల్లోంచే తన బాణీ దొరికించుకున్నాడు. చిట్టగాంగ్ కాలేజీ లెక్చరర్ ముహమ్మద్ యూనుస్ 1965లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్లి అర్థశాస్త్రం చదివాడు.

మన పొరుగు నుంచి కవి ఏ.కె. రామానుజన్ 1959లో ఇండియానా యూనివర్సిటీకి భాషాశాస్త్రం కోసం వెళ్లాడు. గిరీశ్ కర్నాడ్ 1987-88లో చికాగో యూనివర్సిటీలో నాటకకర్తగా ఉన్నాడు. రామానుజన్ చెప్పిన జానపద కథ మీద అల్లిన 'నాగమండల' ఆ కాలపు పంట. ఒక ఫెలో చెప్పిన కథ ఇంకో ఫెలో చేతిలో నాటకమైందన్నమాట.

పేరిచ్చిన మనిషి

ఆర్కాన్సాలో పెరిగిన ఫుల్‌బ్రైట్ తానే రోడ్స్ స్కాలర్‌గా 1925లో ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. 34 ఏళ్లకే ఆర్కాన్సా యూనివర్సిటీ అధ్యక్షుడయ్యాడు, గవర్నరుకు గిట్టక రెండేళ్లలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు, 1944లో అదే గవర్నరును ప్రైమరీలో ఓడించి సెనేట్‌కు వచ్చాడు. 1954లో, కమ్యూనిస్టుల వేట సాగిస్తున్న సెనేటర్ మెకార్తీ కమిటీకి నిధులివ్వరాదని ఓటేసిన ఒకే ఒక్క సెనేటర్ ఆయన. 1966లో వియత్నాం యుద్ధంపై బహిరంగ విచారణలు నడిపి సొంత పార్టీ అధ్యక్షుడితో చెడగొట్టుకున్నాడు. అదే మనిషి 1956లో బడుల్లో జాతి వివక్ష రద్దును వ్యతిరేకించే దక్షిణాది ప్రకటన మీద సంతకం పెట్టాడు. 1964 పౌరహక్కుల చట్టాన్ని అడ్డుకున్న వాళ్లలో ఉన్నాడు. పరదేశం వాళ్లను అర్థం చేసుకోమని ప్రపంచానికి చెప్పినవాడు సొంత ఊళ్లోని నల్లజాతి పిల్లల విషయంలో ఓట్ల లెక్క చూసుకున్నాడు. ఈ మచ్చ ఆయన అభిమానులు కూడా తుడవలేనిది. 1995లో చనిపోయాడు.

రాజకీయాల నీడ

ప్రభుత్వ డబ్బుతో నడిచేదానికి ప్రభుత్వ అవసరాల వాసన తగలకుండా ఉండదు. ఫెలోలను గూఢచర్యానికి వాడుకోరాదన్నది నియమం. అయినా 2008లో బొలీవియాలో ఒక ఫెలోను, అక్కడి క్యూబన్, వెనిజులా దేశస్థుల వివరాలు చెప్పమని రాయబార కార్యాలయ అధికారి అడిగినట్టు బయటపడి రచ్చయింది. అలాంటి ఒక్క సంఘటన చాలు, తర్వాత వచ్చే పదిమంది పరిశోధకులను ఊరివాళ్లు అనుమానంగా చూడడానికి.

2025లో దెబ్బ లోపలినుంచే తగిలింది. ఆ వసంతంలో వినిమయ పథకాలకు చెల్లింపులు కొంతకాలం నిలిచిపోయి, పరాయి దేశాల్లో ఉన్న ఫెలోలు స్టైపెండ్ వస్తుందో రాదో తెలియక చిక్కుకున్నారు. జూన్‌లో ఫారిన్ స్కాలర్‌షిప్ బోర్డు సభ్యులు ఒక్కరు మినహా అందరూ రాజీనామా చేశారు. ఏడాదిపాటు వడపోసి తాము ఎంపిక చేసినవాళ్లలో చాలామందిని వాళ్ల పరిశోధనాంశాల కారణంగా ప్రభుత్వం పక్కన పెట్టిందని, అది చట్టం బోర్డుకిచ్చిన అధికారాన్ని లాక్కోవడమేనని వాళ్ల ఆరోపణ. 

తిరిగి రావాలన్న షరతు

2023-24లో అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాటా అందులో తక్కువేమీ కాదు. ఫుల్‌బ్రైట్ ద్వారా వెళ్లే భారతీయులు మాత్రం ఏటా వందల్లోనే. సీట్ల కొరత ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఈ రెండు ప్రయాణాల లెక్కలు వేరు కావడం. మన ఇంజనీరింగ్ పట్టభద్రుడు బ్యాంకు లోను తీసుకుని ఎఫ్-1 వీసా మీద ఎంఎస్‌కు వెళ్తాడు, చదువయ్యాక ఓపీటీ పని అనుమతి, ఆపైన హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీ చూసుకుంటాడు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు కనీసం మూడేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి. అదీ ప్రజారోగ్యం, పట్టణ ప్రణాళిక, పర్యావరణం, ప్రభుత్వ పాలన, మహిళా అధ్యయనాలు వంటి రంగాల్లో. కంప్యూటర్ సైన్స్‌కు ఆ జాబితాలో చోటు దొరకదు. పరిశోధన చేసేవాళ్లకైతే ఆరు నుంచి తొమ్మిది నెలల డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. ఇక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీకి నమోదై ఉండాలి, ముగించేదీ ఇక్కడే.

వీసా జె-1. దీనికి అంటిపెట్టుకుని రెండేళ్ల స్వదేశ నివాస నిబంధన ఉంది. గ్రాంటు ముగిశాక సొంత దేశంలో మొత్తం రెండేళ్లు గడిపేదాకా హెచ్, ఎల్ వీసాలు గానీ, గ్రీన్‌కార్డు గానీ రావు. పెళ్లయి అక్కడ స్థిరపడాల్సి వచ్చినవాళ్లు, మంచి ఉద్యోగం చేతికందినవాళ్లు మినహాయింపు కోసం తిప్పలు పడతారు. మిగతా జె-1 వాళ్లు స్వదేశ ప్రభుత్వం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని బయటపడుతుంటారు. అమెరికా ప్రభుత్వ డబ్బు తీసుకున్న ఫుల్‌బ్రైట్ ఫెలోలకు ఆ పత్రం ఉన్నా విదేశాంగ శాఖ సాధారణంగా ఒప్పుకోదు.